తెల్ల బండి మీద కుంకుమ

"కొత్త కారుకు నువ్వు చేసే పని ఏముండాదిలే సామేలూ, కంపెనీవాళ్లే మెరిపించి పంపిస్తాండారు గదా" అని మా బావమరిది ఇరవై ఏళ్లుగా అంటూనే ఉన్నాడు. ఆయనకు జవాబు చెప్పడం ఎప్పుడో మానేశాను. మీకు మాత్రం చెప్పాలి. మీరు ఈ పనిలోకి కొత్తగా వస్తున్నారు. మీ బావమరుదులు కూడా ఇదే మాట అంటారు.

ముప్పై ఏళ్లకు పైగా నేను చేసిన పని కొత్త బండి రంగును కాపాడటం. మొదట ఆళ్లగడ్డలో ఒక పెయింటింగ్ షెడ్డు, తర్వాత నంద్యాలలో ఒక కార్ల షోరూం. పని మానేసి రెండేళ్లయింది. ఇప్పుడు కూడా రోడ్డు మీద తెలిసినవాడు కారులో ఎదురొస్తే ముందు బానెట్ చూస్తాను, తర్వాతే మొహం. మా ఇంటామె దీనికి నన్ను తిట్టని రోజు లేదు. ఎన్ని బండ్లు చేశానో, జీతం ఎప్పుడు పెరిగిందో రాయను. నా చేతికి బుద్ధి చెప్పిన కొన్ని సంగతులు రాస్తాను. అందులో ఒకటి పెద్దది, దాని దగ్గరికి నిదానంగా వస్తాను.

కొత్త బండే అన్నిటికంటే మురికి

ఫ్యాక్టరీలో పుట్టిన బండి నేరుగా మన చేతికి రాదు. పెద్ద లారీ ఎక్కి రోజుల తరబడి ప్రయాణం చేస్తుంది. దారి పొడవునా ఇనుప పొడి, తారు చుక్కలు, పురుగులు దాని మీద పడతాయి. ఆ తర్వాత యార్డులో వారాల పాటు ఎండలో నిలబడుతుంది, కాకులు వాటి పని అవి చేస్తాయి. మన వైపు దీనికి తోడు రాతిపొడి. నాపరాళ్ల లారీలు తిరిగే రోడ్లు మనవి. ఆళ్లగడ్డలో అయితే శిల్పుల షెడ్ల ముందు నుంచి పోయినా చాలు, బండి మీద తెల్లటి పొర పడుతుంది. చూడ్డానికి పిండిలా ఉంటుంది. దాన్ని పొడిగుడ్డతో ఒక్కసారి తుడిచారంటే బండికి గరుకు కాగితం పట్టినట్టే.

ఒక్క విషయం బాగా గుర్తుపెట్టుకోండి. బండి రంగు మీద గాజులాగా పారదర్శకంగా ఉండే పొర ఒకటి ఉంటుంది. మేం దాన్ని క్లియర్ అంటాం. మెరుపంతా దానిదే. మందం మాత్రం మీరు పొద్దున చదివే పేపరంత కూడా ఉండదు. గీత పడేది ఆ పొర మీదే. గీత తీయడమంటే ఆ గీత లోతు దాకా చుట్టూ ఉన్న పొరను కూడా అరగదీయడం. అరిగింది మళ్లీ రాదు. మొత్తం అరిగితే నాలుగేళ్ల ఎండకు బానెట్ పాము కుబుసంలా పొరలు లేస్తుంది. కాబట్టి మన పనిలో గొప్పతనం ఎంత తక్కువ తీశామన్నదాంట్లో ఉంది. ఈ మాట అర్థమైతే సగం పని వచ్చేసినట్టే.

ఖాజా మేస్త్రీ షెడ్డు

నాకు పని నేర్పింది ఆళ్లగడ్డలో ఖాజా మేస్త్రీ. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ కోపంగా ఉండేవాడు. నేను చేరిన మొదటి రోజు నా వేలి ఉంగరం, నడుముకు బెల్టు, చేతికి వాచీ తీయించి ఒక డబ్బాలో వేశాడు. బండికి ఆనుకుని పనిచేసేటప్పుడు బెల్టు బకిల్ చేసినంత పాపం ఇంకేదీ చేయదని ఆయన నమ్మకం. అది నిజమేనని నాకు తర్వాత తెలిసింది.

నా మొదటి తప్పు అక్కడే చేశాను. మా నాయన దొర్నిపాడు దగ్గర సేద్యం చేసేవాడు. ఎద్దుల్ని కాలవలో దించి వరిగడ్డితో తోమడం నాకు అలవాటైన పని. ఒకాయన కొత్త కారు తెచ్చి కడగమంటే, షెడ్డులో గుడ్డ దొరక్క, చేతికందిన గడ్డి తీసుకుని శ్రద్ధగా తోమాను. మురికంతా పోయింది. సంతోషంగా మేస్త్రీని పిలిచి చూపించాను. ఆయన బండిని ఎండలోకి తోయించి, ఒక పక్క నుంచి వంగి చూడమన్నాడు. డోరు నిండా సాలెగూడులాగా సన్నటి గీతలు.

"ఇది మీ నాయన ఎద్దు కాదురా" అన్నాడు. "ఎద్దు తోలు మళ్లీ పెరుగుతాది. దీని తోలు పెరగదు."

ఆ డోరు సరిచేయడానికి మేస్త్రీకి ఒక రోజంతా పట్టింది. బండి యజమానికి మాత్రం జరిగింది జరిగినట్టు చెప్పి, తను సరిచేసిన డోరు చూపించి పంపాడు. నన్ను కొట్టలేదు. ఆర్నెల్లు వట్టి కడిగే పనే ఇచ్చాడు. అప్పుడు మనసులో చాలా తిట్టుకున్నాను. ఆ ఆర్నెల్లే నన్ను పనివాణ్ణి చేశాయి.

ఆయన నేర్పిన ఇంకో ఉపాయం ఇప్పటికీ ఏ మిషనూ చేయలేదు. బండి కడిగాక చేతికి పలచటి ప్లాస్టిక్ కవరు తొడుక్కుని రంగు మీద నిమరాలి. ఉత్త చేతికి నున్నగా తగిలే చోటే కవరు వేసుకుంటే గరగరమని తెలుస్తుంది. ఆ గరగర పోయేదాకా, సబ్బునీళ్లు చల్లుకుంటూ, ఈ పనికనే అమ్మే మెత్తటి మట్టిముద్దతో నెమ్మదిగా తీయాలి. కంటికి కనపడనిది చేతికి తెలియాలి అనేవాడు. వేళ్లకు కాయలు కాస్తే పనికిరావని నాచేత ఇటుకలు, పారలు కూడా ముట్టనిచ్చేవాడు కాదు. ఖాజా మేస్త్రీ పోయి చాలా ఏళ్లయింది. నాకు ఏ మంచి పేరు వచ్చినా అందులో పెద్ద వాటా ఆయనదే.

మైనం పెట్టడం, మేనేజరుతో వేగడం

నంద్యాల షోరూంలో చేరాక పని మారింది. అక్కడ అన్నీ కొత్త బండ్లే. వ్యాక్స్ పెట్టడం నా పని. వ్యాక్స్ అంటే మైనమే, పెద్ద మాయ ఏమీ లేదు. కానీ పెట్టే తీరు ఉంది. బండి నీడలో ఉండాలి, బానెట్ మీద చేయి పెడితే చల్లగా తగలాలి. మన నంద్యాల ఎండల్లో పొద్దున పది దాటితే పనికిరాదు. పలచగా, ఉందా లేదా అన్నట్టు పూయాలి. కొత్తవాళ్లు రొట్టెకు వెన్న పూసినట్టు పూస్తారు. ఎంత మందం పూసినా బండి మీద నిలిచేది అంతే, మిగతాదంతా మన గుడ్డకూ మన భుజాలకూ చాకిరీ. పూసింది మబ్బుగా మారాక వేలితో ఒక గీత గీసి చూడాలి. వేలి కింద శుభ్రంగా మెరిస్తే అప్పుడు తుడవాలి.

మా మేనేజరు ప్రసాదు గారికి ఈ ఆలస్యం నచ్చేది కాదు. ఆయన చెడ్డవాడని చెప్పను. పనివాడికి జ్వరమొస్తే తన బండిలో ఆస్పత్రికి తీసుకుపోయే మనిషి. కానీ బండి ఆయన కంటికి మెరిస్తే చాలు, కింద ఏముందో అక్కర్లేదు. పైన పటారం, లోన లొటారం. పైగా మన దగ్గర డెలివరీ అంటే ముహూర్తం. దసరాకు, శ్రావణ శుక్రవారానికి ఒక్కసారే పది బండ్లు. ముహూర్తం దాటితే కస్టమరు ఊరుకోడు, ముహూర్తం కోసం తొందరపడితే మైనం ఊరుకోదు. ఈ రెంటి మధ్య నేను నలిగిపోయేవాణ్ణి.

నేను మూసుకున్న నోరు

ఇప్పుడు పూజల సంగతి. మన వైపు కొత్త బండి ఎవరు కొన్నా, ముందు అహోబిలమో, దగ్గరలో ఉన్న గుడో చూపించి తీరాలి. బానెట్ మీద పసుపు, కుంకుమ, చక్రాల కింద నిమ్మకాయలు, బంపరు ముందు టెంకాయ. నేను చర్చికి పోయే మనిషిని. అయినా ఆ పూజలంటే నాకెప్పుడూ మర్యాదే. నాకున్న గొడవ రంగుతోనే. దండ కట్టిన ఇనుప తీగ గీరుతుంది, టెంకాయ నీళ్లు మరక పడతాయి, హారతి పళ్లెం బానెట్ మీద పెడితే కాలుతుంది. మావాళ్లు తక్కువేమీ తినలేదు. మా పాస్టరు గారు ఒక కొత్త బండి మీద చేయి పెట్టి కళ్లు మూసుకుని దీర్ఘంగా ప్రార్థన చేశారు. ఆమెన్ అనేసరికి ఆయన వాచీ గొలుసు కింద జానెడు గీత.

పసుపుకు నేను భయపడను. ఎండ తగిలితే నాలుగు రోజుల్లో దానంతటదే పోతుంది. కుంకుమ అలా కాదు. ఇప్పుడు బజార్లో దొరికే కుంకుమలో రంగు కలుపుతారు. నూనెతోనో నీళ్లతోనో తడిపి తెల్ల బండి మీద పెట్టి వదిలేస్తే లోపలికి దిగుతుంది.

ఈ మాటే ఒకసారి ఒక కస్టమరుకు చెప్పాను. కొత్త మైనం మీద కుంకుమ వద్దు, కొన్నాళ్లు ఆగండి అన్నాను. ఆయన నా చొక్కా మీది పేరు చదివాడు. నా మొహం చూశాడు. "మా దేవుని బొట్టు నీకేం అడ్డమొస్తాండాది?" అన్నాడు. నేను రంగు గురించి చెబితే ఆయన నా మతం గురించి విన్నాడు. ప్రసాదు గారు నన్ను గదిలోకి పిలిచి, పూజల విషయంలో ఇక నోరు తెరవొద్దని గట్టిగా చెప్పారు. నాకూ రోషం వచ్చింది. మీ బండి, మీ కుంకుమ, నాకెందుకు అనుకుని నోరు మూసుకున్నాను. అది నా జీవితంలో నేను చేసిన పెద్ద తప్పు. గడ్డితో తోమింది తెలియక చేసింది. ఇది తెలిసి చేసింది.

వరదాచార్యుల వారి బండి

కొన్నేళ్లకు మైనం పోయి కోటింగులు వచ్చాయి. పలచటి ద్రవం పూస్తే గట్టిపడి ఏళ్ల తరబడి నిలిచే పొర. కానీ అది పూర్తిగా గట్టిపడటానికి కొన్ని రోజులు పడుతుంది. ఈలోగా దాని మీద ఏది పడినా దాన్ని తనలో కలిపేసుకుని గట్టిపడుతుంది.

అప్పుడు మా షోరూంకు అహోబిలం నుంచి వరదాచార్యులు గారు, ఆయన భార్య అలివేలమ్మ గారు వచ్చారు. తరతరాలుగా గుడి సేవలో ఉన్న కుటుంబం. దొర్నిపాడు, సంజామల, అవుకు, ఎక్కడ పెళ్లి ఉన్నా, గృహప్రవేశం ఉన్నా ఆయన్నే పిలుస్తారు. అన్నేళ్లూ బస్సుల్లో, ఎవరిదో ఒకరి మోటార్‌సైకిల్ వెనక కూర్చుని తిరిగారు. వాళ్లింట్లో అదే మొదటి కారు. తెలుపు రంగు అలివేలమ్మ గారు ఎంచుకున్నారు. నా దగ్గరికి వచ్చి, "అప్పా, మా ఊరి దుమ్ము నీకు తెలుసు గదా. ఇది ఇట్లే తెల్లగా ఉండేట్ల చెయ్" అన్నారు.

బండి తెల్లగా ఉండేటట్టు చేశాను. నా చేతి మీద జరిగిన మంచి పనుల్లో అదొకటి. ముందు రోజు సాయంత్రం కోటింగ్ పూర్తయింది. మర్నాడు పొద్దున డెలివరీ, అదే రోజు మధ్యాహ్నం అహోబిలంలో పూజ. పూజ సంగతి నాకు తెలుసు. వాళ్లే నా ముందు మాట్లాడుకున్నారు. నేను తాళాలు ఇస్తూ ఒక్క మాటే చెప్పాను.

"స్వామీ, వారం దాకా నీళ్లు తగలనీయద్దు. తుడవద్దు కూడా."

కుంకుమ గురించి చెప్పలేదు. నాలుక చివరి దాకా వచ్చింది, మింగేశాను.

తొమ్మిదో రోజు ఆ బండి మళ్లీ వచ్చింది. దిగీదిగగానే అలివేలమ్మ గారు బానెట్ చూపించారు. బానెట్ నడిమధ్య కుంకుమతో పెట్టిన నామం, అక్కడి నుంచి ముందు జాలీ దాకా ఎర్రగా కారిన చార. పసుపు ఎండకు పోయింది. కుంకుమ మంచుకు తడిసి, కారి, కోటింగులో దిగి గట్టిపడింది.

"నువ్వు తుడవద్దంటివి గదప్పా. అందుకే వారం దాకా చెయ్యి కూడా పెట్టలే" అన్నారు ఆమె.

నా ప్రాణం చచ్చిపోయింది. నా మాట తు.చ. తప్పకుండా పాటించడం వల్లే ఆ బండి చెడింది. సగం మాట చెప్పి సగం మింగితే ఇలాగే ఉంటుంది.

ఆచార్యులు గారు కోప్పడలేదు. ఆయన బాధ వేరు. "సామేలూ, యాడికి పోయినా, 'ఏం స్వామీ, యాడ గుద్దినారు? ఎవురికైనా ఏమన్నా అయిందా?' అని అడుగుతాండారు. ఎర్రగా కారింది గదా, అట్లే కనపడతాండాది. శుభమా అని పెండ్లికి పోతే, ముందు గుద్దిన బండి కత చెప్పాల్సి వస్తాండాది. నాలుగు దినాలకు దొర్నిపాడులో పెండ్లి ఉండాది. ఈ బండి వేసుకుని పందిరి ముందర యెట్ల దిగాల?"

ప్రసాదు గారు నన్ను పక్కకు లాగారు. "కుంకుమ పెట్టింది వాళ్లు. తప్పు వాళ్లదేనని చెప్పు. మరక కనపడకుండా తీసి పంపు. తీయలేకపోతే నీకు ఇక ఈ పని లేదు" అన్నారు. ఆ షోరూంలో ఆ పని తెలిసింది నాకే. అయినా ఆయన అన్నంత పనీ చేస్తారని నాకు తెలుసు.

బానెట్ మీద రెండు రోజులు

గోటితో పోయేదానికి గొడ్డలి ఎందుకని మన పెద్దలు ఊరికే అనలేదు. ఏ మరకకైనా అన్నిటికంటే మెత్తటి దాంతో మొదలుపెట్టాలి. ముందు సబ్బునీళ్లు పెట్టాను, కదల్లేదు. తర్వాత మట్టిముద్ద, అదీ లాభం లేకపోయింది. స్పిరిట్ తడిపిన గుడ్డ పెడితే గుడ్డకు గులాబీ రంగు అంటింది కానీ బానెట్ మీద చార అలాగే ఉంది. అంటే కోటింగును తీసేయాల్సిందే.

మిషన్‌కు మెత్తటి స్పాంజి బిగించి, సన్నగా అరగదీసే కాంపౌండ్ ముద్ద పెట్టి, బెత్తెడు బెత్తెడు చోటు పట్టాను. రెండు సార్లు తిప్పడం, ఆపడం, చేయి పెట్టి వేడి చూడటం. బానెట్ అంచుల దగ్గర మిషన్ ఆపేసి చేత్తోనే చేశాను. అక్కడ పొర ఇంకా పలచన. మొదటి రోజు సాయంత్రానికి కారిన చార పోయింది. రెండో రోజు మధ్యాహ్నానికి నామం కూడా పోయింది, ఒక్క నిలువు గీత నీడ తప్ప. ఎదురుగా నిలబడితే కనపడదు. పొద్దువాలే ఎండలో ఒక పక్క నుంచి వంగి చూస్తే లేత గులాబీ రంగు ఛాయ ఒకటి కనిపిస్తుంది. అది కోటింగు దాటి క్లియర్‌లోకి దిగింది.

ప్రసాదు గారు వచ్చి చూశారు. "ఇంకో రెండు చుట్లు పట్టు, పోతుంది" అన్నారు.

పోతుంది. నాకూ తెలుసు. దాంతోపాటు క్లియర్ కూడా పోతుంది. ఇప్పుడు అద్దంలా మెరుస్తుంది, కొన్నేళ్లకు మన ఎండకు అక్కడే పొర లేస్తుంది. అదే చెప్పాను.

"అప్పటికి ఎవరు అడుగుతారు సామేలూ? నువ్వుంటావా, నేనుంటానా?"

"బండి ఉంటుంది కదా సార్" అని మిషన్ ప్లగ్ తీసేశాను. ఉద్యోగం పోతే ఏం చేయాలో నాకు తెలియదు. యాభై దాటిన వయసులో ఎవరు తీసుకుంటారు? కానీ ఆచార్యులు గారి కొత్త బండిని నేను ఒకసారి నోరు మూసుకుని పాడుచేశాను. రెండోసారి చేయి ఆడించి పాడుచేయడం నావల్ల కాదు.

సాయంత్రం ఆచార్యులు గారు, అలివేలమ్మ గారు వచ్చారు. ప్రసాదు గారి ముందే వాళ్లిద్దరినీ బండి పక్కకు తీసుకుపోయి, వంగమని చెప్పి, ఆ మిగిలిన ఛాయ చూపించాను. ఇంకా తీస్తే ఏమవుతుందో, కోటింగు మందు మళ్లీ ఎందుకు పూయాలో చెప్పాను. తర్వాత అసలు మాట చెప్పాను.

"స్వామీ, తప్పు మీది కాదు, కుంకుమది కాదు. పచ్చి కోటింగు మీద కుంకుమ పెట్టకూడదని నాకు తెలుసు. తెలిసీ చెప్పలే."

"ఏమప్పా, ఎందుకు చెప్పలే?"

"చర్చికి పోయేవాడు బొట్టు వద్దంటాండాడని అనుకుంటారని భయపడినా స్వామీ. ముందొకాయన అట్లే అనె."

ఆయన బానెట్ మీద ఆ ఛాయ ఉన్న చోటే చూస్తూ నిలబడ్డారు.

"ఆయనెవరో అన్న మాటకు నా బండికి శిక్ష వేస్తివా?" అన్నారు చివరికి. గొంతులో కోపం ఉంది. ఆ కోపం న్యాయమైనదే. నేను తల వంచుకున్నాను.

అలివేలమ్మ గారు మధ్యలో అందుకున్నారు. "దీనికింత ఏందీ? చెప్పింటే తమలపాకు వేసి, ఆకు మీద పెట్టేవాళ్లం గదా. పూజలో పసుపు ముద్దను ఆకు మీదే గదా పెడతాం. బండి మీద ఆకు, ఆకు మీద బొట్టు. అంతే గదప్పా! ఒక్క మాట అనింటే సరిపోయేదానికి నువ్వూ, ఈయనా ఇన్ని దినాలు తిప్పలు పడితిరి."

మేం మగవాళ్లం ముగ్గురం ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. ఇంత సులువైన ఉపాయం నాకు ఇన్నేళ్లయినా తట్టలేదు. ఎందుకు తడుతుంది? నేను ఎవరినీ అడగలేదు కదా.

"ఆ గీత ఉండనీ" అన్నారు ఆచార్యులు గారు. "అది కనపడేది నీకూ నాకే. ఇంక తోమొద్దు. మళ్లీ ఆ మందు పుయ్యాలంటివే, పుయ్యి. ఎన్ని దినాలు ఆరాల?"

"ఈ పారి వారం దినాలు ఈడ షెడ్డులోనే పెట్టుకుంటా స్వామీ. దొర్నిపాడు పెండ్లికి అందదు."

"అందకపోతే బస్సులో పోతా. పెండ్లి చేసేది నేను, కారు కాదు" అని ఆయన తాళాలు నా చేతిలో పెట్టి బస్టాండుకు బయల్దేరారు. ఆ తాళాలు పట్టుకుని నిలబడినప్పుడు నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. చెప్పుకోవడానికి సిగ్గేమీ లేదు.

నీళ్ల పైపు

ప్రసాదు గారు నన్ను తీసేయలేదు. కానీ ఆచార్యుల వారి బండికి మళ్లీ పూసి పంపాక నా దగ్గర్నుంచి కోటింగు పని తీసేశారు. తప్పు మనదని కస్టమరు ముందు ఒప్పుకునేవాడు ఆయనకు అక్కర్లేదట. కడిగే చోటికి పంపారు. నేను బండ్లకు నీళ్లు కొడుతూ, అవతల షెడ్డులో కొత్తగా వచ్చిన మనిషి కోటింగు పూయడం చూసేవాణ్ణి. మందంగా పూసేవాడు. నాకు ఒళ్లు మండిపోయేది. ఇంటికి వెళ్లి మా ఇంటామె మీద చిరాకు పడేవాణ్ణి. నిజం చెప్పినందుకు బాధపడ్డానా అంటే, లేదు. కానీ నా చేతికి తెలిసిన పని నా కళ్లముందే చెడిపోతుంటే చూడటం చాలా కష్టం. మీకూ ఎప్పుడో ఒకప్పుడు ఇలాంటి రోజులు వస్తాయి. అప్పుడు కడిగే పనైనా సరిగ్గా కడగండి. నేను అదే చేశాను.

నెలన్నర గడిచింది. ఒక రోజు పొద్దున సంజామల నుంచి ఒక రైతు కుటుంబంతో వచ్చాడు. ఎర్ర కారు బుక్ చేసుకున్నాడు, డెలివరీ ఎప్పుడో మాట్లాడాలి. ప్రసాదు గారు క్యాలెండరు తీసి మంచి రోజులు చూపిస్తున్నారు. ఆ రైతు వద్దన్నట్టు చేయి ఊపాడు.

"మీ కాడ సామేలు అని ఉండాడంట గదా. ఆయప్పను పిలవండి."

నేను తడి చేతులు తుడుచుకుంటూ లోపలికి వెళ్లాను.

"అన్నా, ముహూర్తం పెట్టమని అహోబిలంలో వరదాచార్యుల స్వామిని అడిగినాం. ముందు సామేలును అడిగి రాపో, తరువాత పెడతా అన్నాడు. బండికి ఏదో మందు పూస్తారంట గదా. అది నువ్వే పుయ్యాలంట. అది ఎప్పుడు ఆరతాదో నువ్వు చెప్తే, అప్పుడు పూజ అంట." అంటూనే ఫోన్ తీసి కలిపాడు, అందరికీ వినపడేటట్టు బల్ల మీద పెట్టాడు.

"సామేలూ, బాగుండావా?" అని ఆచార్యులు గారి గొంతు. "బండి తెల్లగా ఉండాది. మా ఆమె దినానికి నాలుగు పార్లు చూసుకుంటాండాది. ఈడికి ఎవురు బండి పూజకు వచ్చినా ఆకు వేసే బొట్టు పెడతాండాం. సరే, వీళ్ల బండికి నీ లెక్క ఎప్పుడు?"

నేను ప్రసాదు గారి వైపు చూశాను. ఆయన క్యాలెండరు చేతిలో పట్టుకుని అలాగే నిలబడ్డారు.

"శనివారం పూస్తా స్వామీ. వచ్చే శనివారం దాకా షెడ్డులోనే ఉండాల. ఆ తరువాత ఎప్పుడైనా సరే."

ఫోన్‌లో పంచాంగం కాగితాలు తిరగేస్తున్న చప్పుడు వినిపించింది.

"ఆదివారం మంచిది" అన్నారు. మళ్లీ తనే, "ఆదివారం నువ్వు చర్చికి పోవాల గదా. బండి ఇచ్చేటప్పుడు నువ్వు ఆడ ఉండాల, ఏం చెయ్యాల్నో, ఏం చెయ్యగూడదో అంతా నీ నోటితో చెప్పాల. సోమవారం పొద్దున తొమ్మిది దాటినాక కూడా బాగుండాది. అదే పెడతాండా" అన్నారు.

ప్రసాదు గారు క్యాలెండరులో సోమవారం చుట్టూ పెన్నుతో గీత గీసి, కోటింగు షెడ్డు తాళం నా ముందు పెట్టారు.